గొడవంతా ఆ ఎనిమిది వారాల గురించే

2024 జూన్ 30, ఆదివారం. పొద్దున్నే మూర్ మార్కెట్ కాంప్లెక్స్ స్టేషన్‌లో సూళ్లూరుపేట లోకల్ ఎక్కాం, నేనూ మా పిన్నికొడుకూ. ఎన్నూరు, పొన్నేరి, గుమ్మిడిపూండి. ఆరంబాక్కం దాటాక ఆంధ్రా వచ్చేసింది. 80 కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం, అదీ ఒక సినిమా కోసం. సాలిగ్రామంలో మా ఇంటి నుంచి వడపళని ఐమ్యాక్స్‌కు ఆటో ఎక్కితే చాలు, ఇట్టే చేరిపోతాం. అయినా రైలెక్కాం. సూళ్లూరుపేటలో 2019లో తెరిచిన వి ఎపిక్ హాలు తెర వెడల్పు 100 అడుగుల పైమాట. దానికి వాడిన ఎపిక్ అనే పెద్దతెర పరిజ్ఞానం చెన్నైలోని క్యూబ్ సంస్థదే. పైగా పక్కనే శ్రీహరికోట. రాకెట్లు ఎగిరే చోటికి అంత దగ్గర్లో కూర్చుని ‘కల్కి 2898 ఏడీ’ చూడాలన్నది మావాడి పంతం.

ఆ సినిమా విడుదలైంది జూన్ 27న. సరిగ్గా 8 వారాలకు, ఆగస్టు 22న, అదే సినిమా మా ముందుగదిలోని 43 అంగుళాల టీవీలోకి వచ్చేసింది. తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం ప్రైమ్ వీడియోలో, హిందీ నెట్‌ఫ్లిక్స్‌లో. మోకాళ్ల నొప్పులతో థియేటర్‌కు రాలేకపోయిన అమ్మ అప్పుడు చూసింది. మావాడు కూడా వచ్చి కూర్చున్నాడు. కాసేపటికి లేచి టీవీకి దగ్గరగా వెళ్లి నిలబడ్డాడు.

“అక్కా, ఇక్కడ దుమ్ము ఉండాలి కదా. ఏదీ?” అన్నాడు.

వాడు నగరంలో ఒక వీఎఫ్‌ఎక్స్ స్టూడియోలో కంపోజిటర్. కెమెరాతో తీసిన ముక్కనీ కంప్యూటర్‌లో పుట్టిన ముక్కనీ అతుకు కనపడకుండా కలపడం వాడి పని. చెన్నైలో ఇలాంటి పనిచేసేవాళ్లు చాలామందే ఉన్నారు. ‘డ్యూన్’ రెండు భాగాలకూ ఆస్కార్ తెచ్చిన గ్రాఫిక్స్ సంస్థ డీనెగ్‌కు కూడా ఇక్కడ స్టూడియో ఉంది. మావాడు ‘కల్కి’కి పనిచెయ్యలేదు గానీ, దుమ్ము, పొగ, వాన, వీటితోనే వాడికి తెల్లారుతుంది. వెలుతురు చారలో తేలే దుమ్ము వేస్తేనే వెనకున్న కట్టడం నిజంగా పెద్దదనీ, దూరంగా ఉందనీ మన కన్ను నమ్ముతుందట. 4 సెకన్ల షాట్‌లో దుమ్ము కుదరడానికి వారాలు పట్టిన సందర్భాలున్నాయట. సూళ్లూరుపేట తెర మీద, కథ నడిచే ఆ కాశీ సందుల్లో దుమ్ము రేణువు రేణువుగా తేలింది. మా టీవీలో అది గళ్లుగళ్లుగా ముద్దకట్టి, బొమ్మ మీద తడిగుడ్డ తుడిచినట్టు కనిపించింది.

భారీ సైన్స్ ఫిక్షన్ సినిమా హాల్లోనే చూడాలా, ఇంట్లో చూస్తే సరిపోదా అనే మాట వచ్చినప్పుడల్లా జనం రుచుల గురించి వాదించుకుంటారు. ఒకరు పెద్ద తెర అనుభవమంటారు, ఇంకొకరు పార్కింగ్ డబ్బులూ పాప్‌కార్న్ ధరా లెక్కచెబుతారు. ఇద్దరి మాటలోనూ నిజముంది. కానీ చిక్కు వేరే చోట ఉందని నా నమ్మకం. తీసిన బొమ్మ మనదాకా వచ్చేసరికి ఎంత మిగులుతుంది అన్నది ఒక లెక్క. ఆ బొమ్మ ఖర్చు ఎవరు, ఎప్పుడు, ఎంత నమ్మకంతో పెడతారు అన్నది ఇంకో లెక్క. ఈ రెండూ ముడిపడే చోటు థియేటర్‌కూ ఓటీటీకీ మధ్య ఉండే గడువు. అక్కడికి రావాలంటే ముందు ఆ దుమ్ము ఏమైందో చూడాలి.

దుమ్ము ఎక్కడ రాలిపోయింది

థియేటర్‌కు సినిమా డీసీపీ రూపంలో వస్తుంది. తాళం వేసిన ఫైళ్ల మూట అనుకోండి. కేడీఎం అనే తాళంచెవి విడిగా వస్తుంది. ఏ హాల్లో, ఏ సర్వర్ మీద, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఆడాలో అందులోనే ఉంటుంది. మూటలో సెకనుకు 24 బొమ్మలు. ఏ బొమ్మకా బొమ్మ పూర్తిగా, విడిగా ఉంటుంది. సెకనుకు 250 మెగాబిట్ల దాకా వాడుకునే వీలుంది. మూడు గంటల సినిమా ఆ గరిష్ఠ వేగంతో నిండితే 300 జీబీ దాటుతుంది.

ఇంటికి వచ్చే సరుకు వేరు. 4కే నాణ్యతకు నెట్‌ఫ్లిక్స్ అడిగే ఇంటర్నెట్ వేగం సెకనుకు 15 మెగాబిట్లు. అదే మూడు గంటలు దాదాపు 20 జీబీలో సర్దుకోవాలి. పదహారో వంతు కాబట్టి పదహారు రెట్లు నాసి అనుకుంటే మాత్రం పొరపాటు. స్ట్రీమింగ్ కుదింపు చాలా తెలివైనది. ప్రతి బొమ్మనీ మొత్తంగా పంపదు. ముందు బొమ్మకూ ఈ బొమ్మకూ ఏం మారిందో అదే పంపుతుంది. ఇద్దరు సోఫాలో కూర్చుని మాట్లాడుకుంటుంటే గోడ మారదు, కర్టెన్ మారదు, పెదవులూ కళ్లూ కదులుతాయి అంతే. అందుకే ఇంట్లో నడిచే కుటుంబకథ మంచి టీవీ మీద దాదాపు ఏమీ పోగొట్టుకోదు. దాన్ని ఇంట్లో చూసినందుకు ఎవరూ నొచ్చుకోనక్కర్లేదు.

దుమ్ము దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివి పనిచెయ్యదు. ఒక్కో బొమ్మలో ఒక్కో రేణువు కొత్త చోట ఉంటుంది. నిప్పురవ్వలూ అంతే, వానా అంతే, కూలుతున్న గోపురం నుంచి లేచే పొగా అంతే. మారిందంతా పంపాలంటే మొత్తం బొమ్మ పంపాలి. అంత జాగా లేదు. అప్పుడు సన్నవాటిని వదిలేసి లావువాటిని ఉంచుతుంది. చీకటి సంగతీ ఇంతే. అంతరిక్షనౌక లోపల నలుపులోంచి ముదురు నీలంలోకి మెల్లగా జారే నీడ ఉందనుకోండి. డీసీపీలో ఒక్కో రంగుకు 12 బిట్లు, అంటే 4,096 మెట్లు. హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడాను ఎక్కువగా చూపే పద్ధతి) ఉన్న టీవీ ప్రసారంలో 10 బిట్లు, 1,024 మెట్లు. మామూలు ప్రసారంలో 8 బిట్లు, 256 మెట్లే. మెట్లు తక్కువయ్యేకొద్దీ నీడ జారడం మానేసి, నీళ్లు ఆరిన ఇత్తడి పళ్లెంలో మిగిలే వలయాల్లా పొరలు పొరలుగా కనిపిస్తుంది.

అంటే సైన్స్ ఫిక్షన్‌లో ఎక్కువ డబ్బు పోసేది ఎక్కడో, కుదింపు కత్తెర పడేదీ సరిగ్గా అక్కడే. సినిమాలన్నిటినీ ఒకే గాటన కట్టి ‘థియేటరా, ఓటీటీనా’ అని అడగడం అందుకే కుదరదు.

అలాగని హాలు అంటేనే గొప్ప అని నేననను. థియేటర్ తెర వెలుగుకు ప్రమాణం 14 ఫుట్ ల్యాంబర్ట్‌లు. టీవీ భాషలో అది 48 నిట్లు. ఒక మాదిరి హెచ్‌డీఆర్ టీవీ కూడా దానికి ఎన్నో రెట్ల వెలుగునిస్తుంది. హాలు చీకటి బావిలా ఉంటుంది కాబట్టే ఆ 48 నిట్లు మన కంటికి చాలుతాయి. ప్రొజెక్టర్ ల్యాంపు వయసైపోయినా మార్చని హాల్లో, దాని మీద త్రీడీ అద్దాలు కూడా పెట్టిస్తే, అంతరిక్షం బూడిదరంగులోకి దిగిపోతుంది. ఒకసారి అలాంటి హాల్లో ఒక గ్రహాంతర సినిమా చూసి తలనొప్పితో బయటికొచ్చాను. నక్షత్రాలు ఎన్నో లెక్కపెట్టేటంత తక్కువగా కనిపించాయి. ఆ హాలు కంటే మా అమ్మ టీవీ నయం.

ధ్వని విషయంలో మాత్రం ఇల్లు ఎప్పటికీ అందుకోలేదు. సినిమా హాల్లో తెర వెనకున్న ప్రతి ఛానల్‌నూ 85 డెసిబెల్స్ దగ్గర సర్ది, పైన ఇంకో 20 డెసిబెల్స్ ఖాళీ ఉంచుతారు. గుసగుస గుసగుసలాగే ఉండి, పేలుడు గుండెకు తగలడానికి ఆ ఖాళీ కావాలి. డాల్బీ అట్మాస్ హాల్లో 64 దాకా స్పీకర్లకు విడివిడిగా శబ్దం పంపొచ్చు. ఇంట్లో అమ్మ సినిమా చూసినంతసేపూ రిమోట్ చేతిలోనే ఉంది. మాటలు వినపడక పెంచడం, పేలుడు రాగానే పక్కింటివాళ్లేమంటారోనని తగ్గించడం. పెద్ద శబ్దాల కంటే నాకు బాధనిపించింది నిశ్శబ్దం పోవడం. ఒక సన్నివేశంలో అంతా ఆగిపోయి ఊపిరి మాత్రమే వినపడాలి. సరిగ్గా అప్పుడు వంటింట్లో కుక్కర్ మూడో విజిల్ వేసింది.

వడపళని ఐమ్యాక్స్ ఉన్న మాల్, ఒకప్పుడు విజయా వాహినీ స్టూడియో ఉన్న స్థలంలో కట్టింది. 1957 నాటి ‘మాయాబజార్’ అక్కడే తయారైంది. మార్కస్ బార్ట్‌లే కెమెరాతోనే వెన్నెల సృష్టించి, ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వాటంతటవే ఎగిరివెళ్లేలా చేశాడు. ఆ సినిమాలో ప్రియదర్శిని అనే పేటిక ఉంటుంది. మూత తెరిస్తే ఎవరికి ప్రియమైనది వాళ్లకు కనిపిస్తుంది. బలరాముడికి దుర్యోధనుడు, రేవతికి నగలు, శశిరేఖకు అభిమన్యుడు. ఇప్పుడు మన చేతుల్లో ఉన్న ఫోను అదే కదా అని ఆ మాల్ మెట్లు ఎక్కినప్పుడల్లా అనుకుంటాను. ఎవరి ప్రియదర్శిని వాళ్లది. లడ్డూలు ఎగిరితే ఊరంతా ఒక్కసారే నోరు తెరిచి చూసిన తెర ఇంకొకటి. పింగళి, కె.వి.రెడ్డి ఆ ఒక్క సినిమాలోనే రెండింటికీ చోటిచ్చారు.

వంద రూపాయలు ఎటు పోతాయి

ఇక డబ్బు. 1991లో సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’ తీసినప్పుడు కాలయంత్రం ఖర్చు తిరిగి రావాల్సింది ముఖ్యంగా టికెట్ల మీదే. 2010లో శంకర్ ‘ఎందిరన్’ (మనకు ‘రోబో’) 130 కోట్ల చుట్టూ ఖర్చుతో అప్పటికి దేశంలోనే అత్యంత ఖరీదైన సినిమా అయింది. ‘కల్కి’ బడ్జెట్ 600 కోట్ల దాకా అని వార్తలొచ్చాయి. పద్నాలుగేళ్లలో ఇంత పెరుగుదలను టికెట్లు మోయగలవా?

లెక్క సులువుగా ఉండడానికి, వంద దాటిన టికెట్ల డబ్బులో 118 రూపాయలు తీసుకుందాం. అది ‘గ్రాస్’. అందులో 18 జీఎస్టీ. తమిళనాడులో స్థానిక పన్ను అదనం, దాన్ని పక్కన పెడదాం. మిగిలిన 100 ‘నెట్’. ఇందులో హాలు వాటా పోగా మిగిలేది ‘షేర్’. సినిమా పేజీల్లో గ్రాస్, నెట్, షేర్ అని మూడు అంకెలు కనపడి జనం కొట్టుకునేది ఇందుకే. గ్రాస్ 500 కోట్లు అంటే నిర్మాతకు 500 కోట్లు వచ్చాయని కాదు, దాంట్లో సగం కూడా రాకపోవచ్చు. 2009లో హిందీ నిర్మాతలు రెండు నెలల పాటు మల్టీప్లెక్సులకు సినిమాలివ్వడం ఆపేసి పోట్లాడితే కుదిరిన ఒప్పందం ఇలా ఉంది: మొదటివారం నెట్‌లో డిస్ట్రిబ్యూటర్‌కు 50 శాతం, రెండోవారం 42.5, మూడోవారం 37.5, నాలుగోవారం నుంచి 30. దక్షిణాదిలో సినిమాను బట్టి, హీరోను బట్టి అంకెలు మారతాయి గానీ దారి ఒకటే. వారం గడిచేకొద్దీ హాలు వాటా పెరుగుతుంది, సినిమా తీసినవాడి వాటా తగ్గుతుంది.

ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

నిర్మాత రిలీజ్ దాకా ఆగడు. నైజాం (తెలంగాణ), సీడెడ్ (రాయలసీమ), ఆంధ్ర, తమిళనాడు, కర్ణాటక, ఓవర్సీస్ అంటూ ఏరియాలవారీగా హక్కులు కొనే బయ్యర్ల దగ్గర ముందే డబ్బు తీసుకుంటాడు. తిరిగివ్వనక్కర్లేని అడ్వాన్స్ ఒప్పందమైతే సినిమా పోయినప్పుడు పోయేది బయ్యరే. ఇల్లు తాకట్టుపెట్టి ఏరియా కొన్నవాళ్ల కథలు మన పరిశ్రమలో ప్రతి తరంలోనూ ఉన్నాయి. భారీ సైన్స్ ఫిక్షన్ ఈ వ్యవస్థకు కొత్త గండం తెచ్చింది. మామూలు మాస్ సినిమాకు ఏ ఏరియా ఎంత చేస్తుందో బయ్యర్‌కు అనుభవం మీద తెలుసు. ఎవరూ చూడని లోకానికి ముందే వెల కట్టాలంటే దేనితో పోల్చాలి?

దానికి తోడు మనకు తెరలు తక్కువ. దేశం మొత్తం మీద 10,000 లోపే. చైనాలో 80,000 దాటాయి. తమిళనాడులో టికెట్ ధరకు ప్రభుత్వ పరిమితి ఉంది, మామూలు మల్టీప్లెక్స్ సీటు 200 రూపాయల చుట్టూనే తిరుగుతుంది. చూసేవాళ్లకు అది మేలే, నాకూ మేలే. 2023 జనవరి నుంచి ఇక్కడ పొద్దున 9కి ముందు షో వెయ్యనివ్వరు కాబట్టి తొలి ఆట కావాలన్నవాళ్లు సరిహద్దు దాటి ఆంధ్రాలోని తడ వైపు బళ్లు తీస్తారు. ఆంధ్ర, తెలంగాణల్లో పెద్ద సినిమాలకు మొదటి రోజుల్లో ధర పెంచుకోవడానికి జీవోలు వస్తాయి. కర్ణాటక 2025 సెప్టెంబరులో 200 రూపాయల పరిమితి పెడితే హైకోర్టు ఆపింది. ఒక్కో రాష్ట్రానిది ఒక్కో దారి. ఏ దారిన వెళ్లినా ఉన్న తెరలతో, ఉన్న ధరలతో, మొదటి రెండు వారాల్లో అంత డబ్బు తిరిగి రావడం ఏ సినిమాకైనా కత్తిమీద సామే.

ఆ లోటు పూడ్చేవి డిజిటల్ (ఓటీటీ), శాటిలైట్ (టీవీ ఛానల్), ఆడియో హక్కులు. అందులో పెద్ద ముక్క డిజిటల్. సినిమా ఆడినా ఆడకపోయినా వచ్చే డబ్బు అది. 2020 తర్వాత కొన్నేళ్లు ఓటీటీలు పోటీపడి కొన్నాయి, తర్వాత చెయ్యి బిగించి, థియేటర్లో ఎలా ఆడిందో చూసి ధర సర్దే షరతులు మొదలుపెట్టాయి. ఏమైనా, ఓటీటీని థియేటర్‌కు శత్రువుగా మాత్రమే చూసేవాళ్లు ఒకటి మరిచిపోతున్నారు. మావాడి లాంటివాళ్లకు ఆ దుమ్ము వెయ్యడానికి ఇచ్చిన జీతంలో ఓటీటీ డబ్బూ ఉంది. సూళ్లూరుపేట తెర మీద మేము చూసిన రేణువుల్లో కొన్ని, మా ఇంటి టీవీ ముందే కొన్నవి.

8 వారాలా, 4 వారాలా

ఇప్పుడు గడువు. ఉత్తరాది పెద్ద మల్టీప్లెక్స్ గొలుసులు హిందీ సినిమాకు థియేటర్‌కూ ఓటీటీకీ మధ్య 8 వారాలు ఉండాల్సిందేనని పట్టుబడతాయి. 2023 అక్టోబరులో తమిళ సినిమా ‘లియో’ 4 వారాల ఒప్పందం చేసుకుంది కాబట్టి దాని హిందీ అనువాదం ఆ గొలుసుల్లో ఆడలేదు. 2025 జనవరి 10న వచ్చిన ‘గేమ్ ఛేంజర్’ దక్షిణాది భాషల్లో ఫిబ్రవరి 7కే ఓటీటీలో కనపడింది, హిందీ మాత్రం మార్చి దాకా ఆగింది. ‘పుష్ప 2’ నిర్మాతలు 56 రోజుల లోపు ఓటీటీలో రాదని ముందే ప్రకటించి, మాట మీద నిలబడ్డారు. తెలుగు నిర్మాతలు 2022 ఆగస్టులో షూటింగులు ఆపేసి మరీ కూర్చుని మాట్లాడుకున్న వాటిలో 8 వారాల గడువు ముఖ్యమైనది. ఆ తర్వాత కూడా 4 వారాలకే ఇంట్లోకి వచ్చేసిన సినిమాలకు లెక్కలేదు.

ఆ గడువు ఎందుకు నిలబడదంటే, ఇందాక గుర్తుపెట్టుకోమన్న సంగతి దగ్గరికి రావాలి. వారాలు గడిచేకొద్దీ నిర్మాత వైపు వాటా 50 నుంచి 30కి పడిపోతుంది. హాలు వాటా 50 నుంచి 70కి పెరుగుతుంది. అంటే నాలుగోవారం తర్వాత వచ్చే రూపాయిలో ఎక్కువ భాగం హాలుది. ఆ వారాలను ఓటీటీకి ఇచ్చేస్తే నిర్మాతకు పోయేది కొంచెం, హాలుకు పోయేది చాలా. పైగా గడువు ఎంత తగ్గితే ఓటీటీ అంత ఎక్కువ ఇస్తుంది, ఎందుకంటే సినిమా ప్రచారం వేడి ఇంకా చల్లారదు. నిర్మాత తనది కాని సొత్తుకు మంచి ధర వస్తే ఎందుకు వద్దంటాడు? ఇందులో దుర్మార్గమేమీ లేదు, వాటాల పద్ధతే అలా ఉంది. ‘సినిమాను ప్రేమించండి’ అని నిర్మాతలకు చెబితే గడువు నిలబడదు. నాలుగోవారం తర్వాత కూడా నిర్మాతకు దక్కేది కనపడితే దానంతటదే నిలబడుతుంది. 2009లో రాసుకున్న ఆ మెట్లు ఓటీటీ లేని కాలానివి. వాటిని తిరగరాయకుండా 8 వారాలు, 4 వారాలు అని అరుచుకోవడం వల్ల ఏమీ తేలదు.

ప్రేక్షకులూ లెక్కలు వేసుకుంటారు. నెలలో ఇంట్లోకి వస్తుందని తెలిస్తే వీరాభిమానులు ఎలాగూ మొదటిరోజే వెళ్తారు. ‘చూద్దాంలే’ అనుకునే మధ్యవాళ్లు ఆగిపోతారు. సైన్స్ ఫిక్షన్‌ను నిలబెట్టాల్సింది ఆ మధ్యవాళ్లే. ఎవరో చూసొచ్చి ‘అర్థమవుతుంది, భయపడకు, పిల్లల్ని తీసుకెళ్లు’ అని చెబితే మూడోవారంలో కదిలే కుటుంబాలు.

ఇంట్లో దొరికితే హాలుకు రారన్నదీ పూర్తి నిజం కాదు. ‘ఇంటర్‌స్టెల్లార్’ 2014 నాటిది. పదేళ్లయిన సందర్భంగా 2024 డిసెంబరు 6న అమెరికాలో మళ్లీ విడుదల చేశారు. మన దగ్గర ముందురోజే ‘పుష్ప 2’ వచ్చి ఐమ్యాక్స్ తెరలన్నీ తీసుకుంది. కాబట్టి ఇక్కడికి 2025 ఫిబ్రవరి 7న గానీ రాలేదు. వారం తిరక్కుండా హిందీ సినిమా ‘ఛావా’ కోసం మళ్లీ తెరలు ఖాళీ చెయ్యాల్సొచ్చింది. ఆ వారంలో చెన్నైలో టికెట్ కోసం నేను మూడు రోజులు ఫోన్ పట్టుకుని కూర్చున్నాను, చివరికి రెండో వరసలో మెడ ఎత్తి చూశాను. ఫోన్‌లో ఎప్పుడు కావాలంటే అప్పుడు చూడగలిగే పదేళ్ల నాటి సినిమాకు ఆ పరిస్థితి. కొరత ప్రేక్షకులకు కాదు, మంచి తెరలకు. ఐమ్యాక్స్ తెరలు దేశమంతా కలిపినా కొన్ని పదులే. తెలుగు సినిమా రాజధాని హైదరాబాద్‌కు అప్పటికి ఒక్కటీ లేదు. అక్కడి ప్రసాద్స్‌లో పెద్ద తెర ఉన్నా అప్పుడది ఐమ్యాక్స్ కాదు.

‘డ్యూన్’ కథ ఇంకా చిత్రమైనది. 2020 డిసెంబరులో వార్నర్ బ్రదర్స్ సంస్థ తన 2021 సినిమాలన్నిటినీ అమెరికాలో థియేటర్లతో పాటు అదేరోజు ఇంట్లోనూ వదులుతానంది. దర్శకుడు డెనీ విల్‌నెవ్ మండిపడి బహిరంగంగానే రాశాడు. చివరికి 2021 అక్టోబరులో అలాగే వదిలారు. మొదటి భాగం దాదాపు 40 కోట్ల డాలర్లు తెచ్చింది. 2024 మార్చిలో రెండో భాగం ముందు థియేటర్‌కే వచ్చి 70 కోట్ల డాలర్లు దాటింది. కరోనా తగ్గడం, కథ వేగం పెరగడం లాంటి కారణాలు చాలానే ఉన్నాయి. కానీ మధ్యలో రెండున్నరేళ్ల పాటు ఎంతోమంది మొదటి భాగాన్ని ఇళ్లలో చూసి, ఆ ఎడారినీ, ఆ పేర్లనూ, ఆ వంశాల పగలనూ నేర్చుకున్నారు. హాలుకు జనాన్ని తయారుచేసింది ఇల్లే. విల్‌నెవ్ కోపం న్యాయమే. ఇంట్లో చూసినవాళ్లే తర్వాత తన కోసం బారులు తీరడమూ నిజమే.

ఇది కొత్తేమీ కాదు. 1982లో ‘బ్లేడ్ రన్నర్’ హాళ్లలో నిలబడలేదు, వీడియో క్యాసెట్లూ టీవీ కలిసి దాన్ని బతికించాయి. ఎదుటి వైపు చూస్తే, 2025 మార్చిలో నెట్‌ఫ్లిక్స్ తెచ్చిన ‘ది ఎలక్ట్రిక్ స్టేట్’కు 32 కోట్ల డాలర్లు ఖర్చయిందని వార్త. అది నేరుగా ఇంటికే వచ్చింది. దాని గురించి ఇప్పుడు మాట్లాడుకునేవాళ్లు నాకు తెలిసి ఎవరూ లేరు. సినిమా బాగాలేకపోవడం ఒక కారణం. హాల్లో ఆడకపోతే బాగాలేదన్న మాట కూడా ఊరంతా అనుకునే మాట కాకుండా పోతుంది.

చెన్నైలో తెలుగువాళ్ల లెక్క

మా ఊళ్లో ఇంకో మెలిక ఉంది. పెద్ద తెలుగు సినిమా చెన్నైకి రెండు గొంతులతో వస్తుంది: తెలుగు మూలం, తమిళ అనువాదం. మొదటి మూడు రోజులూ తెలుగుకు షోలు బాగానే దొరుకుతాయి. సోమవారం నుంచి అవి ఒక్కొక్కటే తమిళానికి మారిపోతాయి. అన్నా సాలై దగ్గర క్యాసినో లాంటి హాళ్లు తెలుగుకు పాత చిరునామాలు, కానీ అంబత్తూరులోనో పెరంబూరులోనో ఉన్నవాళ్లకు అది రానూపోనూ రెండు గంటల పని. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బళ్లో తమిళం చదువుకున్న పిల్లలు మా కుటుంబంలోనే పదిమంది ఉన్నారు. వాళ్లకు ఓటీటీలో ఆడియో మార్చే బొత్తాం చిన్న సౌకర్యం కాదు. తాత మాట్లాడే భాషలో ‘కల్కి’లోని అశ్వత్థామ మాట్లాడడం వాళ్లు విన్నది ఆ బొత్తాం వల్లే.

మేము సూళ్లూరుపేట రైలెక్కడానికి సగం కారణం కూడా ఇదే. అక్కడ అన్ని ఆటలూ తెలుగే.

గడువు ఎంతుండాలని నన్నడిగితే, దుమ్మూ చీకటీ నిశ్శబ్దమూ మీద నిలబడ్డ సినిమాకు 8 వారాలు తగ్గకూడదంటాను. కాలప్రయాణం మీద తక్కువ ఖర్చుతో తీసిన చిన్న సినిమాకు 4 వారాలే మేలు. దానికి కథే బలం, ఫోన్‌లో చూసినా ఆ బలం పోదు, మాట పాకడానికి ఇల్లే అనువైన చోటు. అన్నిటికీ ఒకే అంకె పెట్టాలని చూడబట్టే ఏ అంకె పెట్టినా సగంమంది తప్పించుకుంటున్నారు. 8 వారాలు కావాలనే హాళ్లు ఆ 8 వారాలూ ల్యాంపు వెలుగూ, స్పీకర్లూ ప్రమాణంలో ఉన్నాయో లేదో ప్రేక్షకుడికి చూపించాలి. ఎపిక్, ఐమ్యాక్స్ అని పేర్లు పెట్టి అమ్ముకునేవాళ్లు తప్ప, ఎన్ని ఫుట్ ల్యాంబర్ట్‌ల వెలుగులో సినిమా వేస్తున్నామో చెప్పే హాలు నేనింతవరకూ చూడలేదు. పెట్రోలు బంకులో సున్నా చూపించినట్టు అదీ చూపించమనడం అత్యాశ కాదు.

ఆ ఆగస్టు రాత్రి అమ్మ సినిమాను నాలుగుసార్లు ఆపింది. “యూనిట్లు యూనిట్లు అంటున్నారు, కరెంటా?” అని ఒకసారి. కాదమ్మా, ఆ లోకంలో డబ్బు అని చెప్పాం. ఆకాశంలో తలకిందులుగా వేలాడుతున్న ఆ పెద్ద కాంప్లెక్స్‌లో ఉండేదెవరని ఇంకోసారి. హాల్లోనైతే అడగలేక ఊరుకునేది, ఊరుకుంటే మధ్యలోనే మనసు తప్పించుకునేది. ఆపి, అడిగి, తెలుసుకుని, మూడు గంటల సినిమాను రెండు రాత్రులు చూసింది. రెండో రాత్రి చివర్లో కథ తెగకుండా ఆగిపోయేసరికి ఇదేమిటంది. రెండో భాగం ఉంది పెద్దమ్మా, రావాలి అన్నాడు మావాడు.

అమ్మ రిమోట్ పక్కన పెట్టి, “ఆ సూళ్లూరుపేట హాల్లో మెట్లు ఎన్నుంటాయిరా?” అని అడిగింది. మావాడికి తెలియలేదు, మేము లెక్కపెట్టలేదు. కింది నుంచే వెళ్లి కూర్చునే సీట్లున్నాయేమో ఫోన్ చేసి కనుక్కుంటానన్నాడు.